కెంట్, ససెక్స్ పాత రైతు ఇళ్లు: పొయ్యి జరిగిన కొద్దీ ఇల్లు మారింది

మీరు అడిగినవి రెండు సంగతులు. ఇంగ్లండ్ ఆగ్నేయ మూలన, పశ్చిమ ససెక్స్‌లోని సింగిల్టన్‌లో, పాత ఇళ్లను తెచ్చి నిలబెట్టిన వీల్డ్ అండ్ డౌన్‌లాండ్ మ్యూజియానికి పిల్లలతో వెళ్లి బేలీఫ్ అనే రైతు ఇల్లు చూసొచ్చాక వచ్చిన సందేహం మొదటిది: అంత పెద్ద రైతు ఇంటికి పొగగొట్టం లేదేమిటి, కిటికీలకు అద్దాలు లేవేమిటి, గది నడిమధ్య నేల మీద మంటేమిటి, అక్కణ్ణుంచి ఇవాళ మనం చూసే ఇంగ్లిష్ ఫామ్‌హౌస్ ఎలా తయారైంది అని. రెండోది మీ సొంత విషయం. తూర్పు ససెక్స్‌లో మీరు కొనాలనుకుంటున్న ఫామ్‌హౌస్ ప్రకటనలో ‘సుమారు 1650’ అని ఉంది, బయట ఎర్ర ఇటుక ముఖం, లోపల వంకర దూలాలు, ఆ తేదీని నమ్మొచ్చా అని.

మొదటిది అర్థమైతే రెండోదానికి జవాబు మీకే దొరుకుతుంది. ఈ ప్రాంతపు రైతు ఇళ్ల కథ చాలావరకు పొయ్యి కథే. మంట గది మధ్యలో ఉన్నంతకాలం ఇల్లు ఒక తీరున ఉంది. మంటను ఒక పక్కకు జరిపి దాని మీద ఇటుక గొట్టం లేపాక ఇంట్లో మనుషులు పడుకునే చోటు, తినే చోటు, గుమ్మం, మెట్లు, కిటికీలు అన్నీ మారిపోయాయి. ఇరవై రెండేళ్లుగా కెంట్, ససెక్స్‌లలో పాత కలప ఇళ్ల మరమ్మతే నా పని. ఏ ఇంటికి వెళ్లినా మొదట అడిగేది అటక ఎక్కడానికి నిచ్చెన ఉందా అనే.

మీరు చూసిన బేలీఫ్‌తోనే మొదలుపెడతాను. అది పుట్టింది సింగిల్టన్‌లో కాదు, కెంట్‌లోని చిడింగ్‌స్టోన్ దగ్గర. 1960ల్లో అక్కడ బౌ బీచ్ జలాశయం కట్టినప్పుడు ఆ ఇంటికి చోటు లేకుండా పోయింది. 1968-69లో దూలం దూలం విప్పి, ఒక్కోదానికి గుర్తు వేసి, పశ్చిమ ససెక్స్‌కు తరలించి, 1970ల మొదట్లో మళ్లీ నిలబెట్టారు. విప్పగలగడం వింతేమీ కాదు, మొదట కట్టిందే అలా. నేల మీద పడుకోబెట్టి కూర్చి, గుర్తులు వేసి, విప్పి, బండ్ల మీద తెచ్చి నిలబెట్టిన ఇళ్లు ఇవి. ఈసారి వెళ్లినప్పుడు కీళ్ల దగ్గర వెతకండి, ఉలితో గీసిన రోమన్ అంకెలు కనిపిస్తాయి. నాలుగుకు నాలుగు గీతలే గీసేవాళ్లు. ఆరు వందల ఏళ్ల కిందటి వడ్రంగి తన పనివాళ్లకు రాసుకున్న గుర్తు అది, ఇప్పటికీ మేం దాన్ని చూసే ఏ దుంగ ఎక్కడిదో తేల్చుకుంటాం.

మన పాత ఇళ్లను అంకణాల్లో, అంటే రెండు దూలాల మధ్య చోటును ఒకటిగా, లెక్కపెట్టినట్టే వీళ్లూ లెక్కపెడతారు. బేలీఫ్ నాలుగు అంకణాల ఇల్లు. మధ్య రెండు అంకణాలు కలిసి హాలు. మన ఇళ్లలో కూడా ముందుగదిని హాలు అంటున్నాం కదా, ఆ మాట అసలు ఈ గదిదే. నేల నుంచి కప్పు దాకా మధ్యలో ఏ అంతస్తూ లేకుండా తెరిచి ఉంటుంది. మంట నేల మీదే. పొగ పైకెళ్లి, వాసాల మధ్య తిరిగి, కప్పు కొసల్లో వదిలిన సందుల్లోంచీ కిటికీల్లోంచీ మెల్లగా బయటికి పోతుంది. కిటికీకి అద్దం లేదు, మూలలు ముందుకు తిప్పి నిలిపిన నలుచదరపు ఓక్ చువ్వలు, లోపలివైపు చెక్క తలుపులు. చలికాలం మధ్యాహ్నం గాలి ఎటు కొడుతుందో చూసుకుని ఒక వైపు తలుపులు మూసి, రెండో వైపు తీసుకుని కూర్చోవాలి. అందుకే హాలుకు రెండు వైపులా కిటికీలు పెట్టారు.

హాలుకు ఒక కొస పెద్దరికం కొస, రెండోది పని కొస. పని కొసన ముందు గుమ్మానికి ఎదురుగా వెనక గుమ్మం, మధ్య నడవ. నడవకు అవతల రెండు చిన్న గదులు, ఒకటి తాగే సరుకుకు, ఒకటి రొట్టె, ఎండు సామానుకు. వాటిపైన ఒక గది. పెద్దరికం కొసన యజమాని బల్ల, దాని వెనక కుటుంబం కూర్చునే గది, ఆ పైన పడకగది. ఇక్కడ మీ పిల్లలకు చూపించాల్సింది ఒకటుంది. రెండు కొసల్లోనూ మేడగదులున్నాయి, కానీ ఒకదాన్నుంచి ఇంకోదానికి దారి లేదు. మధ్యలో హాలు ఖాళీ. ఈ గదిలోంచి ఆ గదిలోకి వెళ్లాలంటే కిందికి దిగి, మంట పక్కగా నడిచి, రెండో కొసన మళ్లీ ఎక్కాలి.

రెండు కొసల మేడగదులూ ముందుకు కొంచెం చొచ్చుకొస్తాయి, హాలు గోడ వెనక్కి ఉంటుంది, మొత్తానికి కప్పు ఒక్కటే. దాంతో హాలు ముందు చూరు గాల్లో నిలబడ్డట్టు కనిపిస్తుంది, దాన్ని రెండు వైపుల నుంచి వంపు తిరిగిన దుంగలు మోస్తాయి. ఈ రూపానికే వీల్డెన్ ఇల్లు అని పేరు. వీల్డ్ అంటే కెంట్, ససెక్స్‌ల మధ్య ఒకప్పుడు దట్టమైన అడవిగా ఉన్న నేల. 14వ శతాబ్దం చివర నుంచి 16వ శతాబ్దం మొదటి భాగం దాకా ఇక్కడ ఈ ఇళ్లు చాలా కట్టారు.

ఇక అసలు మాట. బేలీఫ్‌కు ఒక తేదీ లేదు. దుంగల్లో ఏడాదికొకటిగా పడిన చెట్టు వలయాలు లెక్కపెట్టి తేల్చింది ఏమిటంటే, హాలూ పని కొసా 1405-1430 మధ్య నరికిన కలపతో కట్టారు, పెద్దరికం కొస 1505-1510 మధ్యది. మధ్యలో దాదాపు వందేళ్లు. విప్పేనాటికి అందులో పొగగొట్టమూ ఉంది, హాలు మధ్యలో అంతస్తూ ఉంది. మ్యూజియం వాళ్లు వాటిని మళ్లీ పెట్టకుండా 1540 ప్రాంతంలో ఎలా ఉండేదో అలా చూపిస్తున్నారు. అది వాళ్లు ఆలోచించి తీసుకున్న నిర్ణయం, దానివల్లే మనకు తెరిచిన హాలు కళ్లకు కడుతోంది. మామూలు ఊళ్లలో మాత్రం ఇలాంటి ఇల్లు ఇంత ఖాళీగా దొరకదు, తర్వాతి పొరలన్నీ వేసుకునే ఉంటుంది. ఆ పొరలను తీసెయ్యాలని నేను ఎవరికీ చెప్పను. అవి కూడా ఆ ఇంటి బతుకే.

ఇంత ఇల్లు రైతుకెలా వచ్చింది అని మీరు ఆశ్చర్యపోయారు. 1348-49 మహమ్మారిలో ఇంగ్లండ్ జనంలో పెద్ద భాగం చనిపోయింది. బతికినవాళ్లకు భూమి దొరికింది, కూలి రేట్లు పెరిగాయి. దానికి తోడు కెంట్‌లో ఆస్తి పెద్దకొడుక్కి కాకుండా కొడుకులందరికీ సమంగా వెళ్లే ఆచారం ఉండేది, దాన్ని గావెల్‌కైండ్ అనేవాళ్లు, 1925 దాకా చట్టంలో ఉంది. పెద్ద దొరల ఎస్టేట్ల కంటే మధ్యతరహా స్వతంత్ర రైతులు ఇక్కడ ఎక్కువ కావడానికి అదొక కారణం. ఆ రైతులను యోమన్ అంటారు. పశువులు, కలప, ఉన్నిబట్ట, ఇనుము, అన్నింటిలోనూ వాళ్లకు కొద్దో గొప్పో చెయ్యి ఉండేది. కట్టుకున్న ఇల్లు వడ్రంగి పనిలో దొరల ఇళ్లకు తీసిపోదు.

వడ్రంగం గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే మీరు చూసిన వంకర దూలాలకు జవాబు ఇందులో ఉంది. వీళ్లు వాడింది ఎండిన కలప కాదు, పచ్చి ఓక్. ఎండిన ఓక్ ఉలికి లొంగదు. నరికిన ఏడాది, రెండేళ్లలోపే చెక్కి నిలబెట్టేసేవాళ్లు, అది ఇంట్లోనే ఎండుతూ వంగింది, మెలితిరిగింది, చీలింది. కాబట్టి వంకర చూసి ఇల్లు ఇప్పుడు కుంగుతోందని భయపడకండి. చాలావరకు ఆ వంకర కట్టిన మొదటి కొన్నేళ్లలోనే వచ్చింది. కీలు ఎలాగంటే, ఒక దుంగ కొసను నాలుకలా చెక్కి రెండోదానిలో తొలిచిన గాడిలోకి దింపి, అడ్డంగా చెక్క చీల కొట్టడం. నాలుకలో తొలిచే బెజ్జాన్ని కావాలనే కొంచెం లోపలికి జరిపి తొలుస్తారు. చీల దిగుతూ దిగుతూ రెండింటినీ దగ్గరికి లాగి బిగిస్తుంది. ఇనుప మేకు లేదు. నేను పాత కీలు విప్పిన ప్రతిసారీ ఆ చీల మధ్యలో కొద్దిగా వంగి బయటికొస్తుంది, ఆరు వందల ఏళ్లు అది ఆ బిగువును మోసిందన్నమాట.

స్తంభాలను తలకిందులుగా నిలిపారు. చెట్టు మొదలు పైకి, కొన కిందికి. గోడమీది దుంగ, అడ్డదూలం, స్తంభం, ఈ మూడూ కలిసేది స్తంభం తల దగ్గర, అక్కడ మందం కావాలి, మందం ఉన్నది చెట్టు మొదట్లో. పల్లెల్లో నిట్టాడి ఇల్లు చూసినవాళ్లకు కప్పు కూడా తేలిగ్గా అర్థమవుతుంది. మన నిట్టాడు నేలలోంచి లేచి వెన్నుదూలాన్ని మోస్తుంది. ఇక్కడ ఆ స్తంభం పొట్టిది, అడ్డదూలం నడిమిన నిలబడుతుంది, మోసేది వెన్నుదూలాన్ని కాదు. జంట వాసాలను మధ్యలో కలిపే అడ్డపట్టీల కింద నిలువునా పోయే ఒక దుంగ ఉంటుంది, దాన్ని మోస్తుంది. పైకొసన వాసాలు ఒకదానికొకటి ఆనుకుంటాయి, వెన్నుదూలం అసలే ఉండదు. దీన్ని క్రౌన్‌పోస్ట్ కప్పు అంటారు. హాలులో నిలబడి తలెత్తితే ఆ స్తంభం, దాని నుంచి నాలుగు వైపులకు చేతులు చాచినట్టు లేచిన వంపు దుంగలు కనిపిస్తాయి. ఇంటి మొత్తంలో వడ్రంగి మనసు పెట్టి చెక్కేది అక్కడే, అతిథి కళ్లు పడేది అక్కడే కనుక.

అడవంతా నరికేశారేమో అనుకుంటారు చాలామంది. అడవుల చరిత్ర రాసిన ఆలివర్ రాక్హామ్ సఫోక్‌లో ఒక పాత ఫామ్‌హౌస్‌కు లెక్క తీస్తే మూడు వందలకు పైగా చెట్లు తేలాయి, కానీ ఎక్కువ భాగం సన్నటివి. ఒక్కో దుంగకు ఒక్కో చెట్టు, సరిపోయేంత లావుదే చూసి నరికేవాళ్లు. నరికిన మోడు మళ్లీ చిగురించేది.

దుంగల మధ్య ఖాళీలు నింపింది మనకు బాగా తెలిసిన పనే. ఓక్ కర్రలు నిలువుగా దూర్చి, హేజెల్ అనే పొద బద్దలతో తడికలా అల్లి, బంకమట్టి, ఆవుపేడ, తరిగిన గడ్డి కలిపి తొక్కి రెండు వైపులా మెత్తి, పైన సున్నం.

ఇప్పుడు పొయ్యి జరిగిన సంగతి. 16వ శతాబ్దంలో ధాన్యం ధరలు పెరిగాయి, చాలామంది రైతుల కౌలు మాత్రం పాత రేటుకే నిలిచి ఉంది, చేతిలో డబ్బు ఆడింది. ఇటుక దొరకడం మొదలైంది. 1577లో విలియం హారిసన్ అనే ఎసెక్స్ పాదిరి తన కాలపు ఇంగ్లండ్‌ను వర్ణిస్తూ, తన ఊళ్లో ముసలివాళ్లు తమ కళ్లముందే మూడు మారాయని చెబుతారని రాశాడు: పొగగొట్టాలు లెక్కలేనన్ని లేచాయి, గడ్డిపరుపు మీద మొద్దు తలగడగా పెట్టుకున్నవాళ్లు మెత్తటి దిండ్లకు వచ్చారు, చెక్క పళ్లేల చోట తగరపు పళ్లేలు వచ్చాయి. పాతరోజుల్లో పొగ ఇంటి కలపను గట్టిపరుస్తుందనీ, మనుషులకూ మంచిదనీ నమ్మేవాళ్లని కూడా అక్కడే రాశాడు. పొగ గురించి ఆ నమ్మకం నాకు ఆశ్చర్యంగా అనిపించదు, కట్టెల పొయ్యి వంటింట్లో పెరిగినవాణ్ణి. పైన ఉట్టి దగ్గర కప్పు ఎలా నల్లగా గట్టిగా ఉండేదో గుర్తుంది.

ఒక్కసారిగా అందరూ ఇటుక గొట్టం కట్టలేదు. కొందరు ముందు హాలులో ఒక చిన్న భాగాన్ని అడ్డుతెరతో వేరుచేసి, పొగ ఆ ఇరుకు అంకణంలోంచే పైకి పోయేలా చేశారు. మిగతా హాలు మీద అంతస్తు వేసుకోగలిగారు. తర్వాత తరం ఆ ఇరుకు అంకణంలోనే ఇటుక గొట్టం లేపింది. ఇంకొందరు నేరుగా పాత నడవలో గొట్టం కట్టేశారు. అప్పుడు ముందు గుమ్మం తెరిస్తే ఎదురుగా గొట్టం గోడే, కుడికో గది, ఎడమకో గది, మధ్యలో మనిషి పట్టేంత చోటు. మీ ఫామ్‌హౌస్‌లో గుమ్మం తీయగానే ఇటుక గోడ ఎదురైందని రాశారు చూడండి, అది ఇదే.

దీంతో ఏం జరిగిందో ఆలోచించండి. హాలు రెండు అంతస్తులైంది. రెండు కొసల మేడగదులకు మధ్య దారి పడింది. గొట్టం పక్కన మెలిక మెట్లు వచ్చాయి. పొగ లేదు కనుక కిటికీకి అద్దం పెట్టడంలో అర్థం వచ్చింది. ఒకే మంట చుట్టూ యజమాని, పనివాళ్లు, పిల్లలు కలిసి కూర్చున్న ఇల్లు గదుల ఇల్లయింది. చరిత్రకారుడు డబ్ల్యూ. జి. హాస్కిన్స్ 1953లో ఈ కాలానికి, 1570 నుంచి 1640 దాకా, మహా పునర్నిర్మాణం అని పేరు పెట్టాడు. తర్వాత వచ్చినవాళ్లు ఆ హద్దులు ప్రాంతాన్ని బట్టి మారతాయని సరిదిద్దారు గానీ, వీల్డ్‌లో నేను చూసిన ఇళ్లలో ఎక్కువభాగం ఆ లెక్కకు దగ్గరగానే ఉంటాయి.

సింగిల్టన్‌లోనే పెండీన్ అనే ఇంకో ఫామ్‌హౌస్ ఉంది, మిడ్‌హర్స్ట్ దగ్గర్నుంచి తెచ్చారు, కలప 1609 నాటిది. బేలీఫ్ చూసిన కళ్లతో వెంటనే అందులోకి నడవండి. మధ్యలో ఇటుక గొట్టం, ఇల్లంతా పైఅంతస్తు, తెరిచిన హాలు జాడే లేదు. అది హాలును మార్చుకున్న ఇల్లు కాదు, మొదట్నుంచీ పొగగొట్టం చుట్టూ ఊహించి కట్టిన ఇల్లు. ఈ రెండు గుమ్మాల మధ్య దాదాపు రెండు వందల ఏళ్లు ఉన్నాయి.

తర్వాతి కాలాలు త్వరగా చెప్పేస్తాను. 17వ శతాబ్దం చివర నుంచి ఈ ప్రాంతంలో కలప గోడల మీద ఎర్ర పెంకులు వేలాడదీయడం మొదలైంది, వాన గోడలోకి దిగకుండా. 18వ శతాబ్దంలో డబ్బున్న రైతు ముందువైపు ఇటుక ముఖం కట్టించి, పైకీ కిందికీ జారే కిటికీలు పెట్టించాడు. వెనక ఓక్ చట్రం అలాగే ఉంది. కొన్నిచోట్ల ఇటుకలా కనిపించే పెంకులను మేకులతో బిగించి ఇటుక గోడ అనిపించారు, వేలితో తడితే బోలు శబ్దం వస్తుంది. 1696 నుంచి 1851 దాకా కిటికీల మీద పన్ను ఉంది, మూసేసిన కిటికీ చూస్తే అందరూ దానికే ముడిపెడతారు, కొన్ని మాత్రం గదులు మార్చినప్పుడు మూసినవి. వెనకవైపు కప్పును అలాగే కిందికి సాగదీసి పాల గదో, గిన్నెలు తోమే గదో కలిపారు, చూరు మన భుజం ఎత్తుకు దిగుతుంది. 19వ శతాబ్దంలో పొలాలు కలిసి పెద్దవవడంతో చాలా ఫామ్‌హౌస్‌లు కూలీల కుటుంబాలకు రెండు మూడు వాటాలుగా పడ్డాయి. 1870ల తర్వాత వ్యవసాయం దెబ్బతిన్నప్పుడు మరమ్మతులు ఆగాయి. ఒక రకంగా ఆ పేదరికమే వాటిని కాపాడింది, కూల్చి కొత్తది కట్టే స్తోమత ఎవరికీ లేకపోయింది. 20వ శతాబ్దంలో పట్నం మనుషులు కొని, పూత గీకి, దూలాలకు నల్లరంగు వేశారు. ఆ నలుపు పాతది కాదు. ఇక్కడి ఓక్‌ను ఏ రంగూ లేకుండా వదిలేసేవాళ్లు, లేదా గోడతో పాటే సున్నం కొట్టేవాళ్లు.

తరుగుతున్న ఈ ఇళ్ల విలువను ముందుగా గుర్తించినవాళ్లను తలుచుకోవాలి. ససెక్స్‌లోని ఆల్‌ఫ్రిస్టన్‌లో క్లర్జీ హౌస్ అని ఒక 14వ శతాబ్దపు వీల్డెన్ ఇల్లుంది. కూలిపోయే స్థితిలో ఉన్నప్పుడు 1896లో పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ దాన్ని 10 పౌండ్లకు కొంది. ఆ సంస్థ కొన్న మొట్టమొదటి కట్టడం అదే. మీ ఊరికి దూరం కాదు, తప్పక వెళ్లండి.

ఇప్పుడు మీ ఇల్లు. కొన్నేళ్ల కిందట ఒక పెద్దావిడ ఇంటికి వెళ్లాను, మీరు వర్ణించినలాంటిదే. ఇటుక ముఖం, దస్తావేజుల్లో 1690. ఆవిడ భర్త బతికున్నన్నాళ్లూ అదే నమ్మాడట. అటక ఎక్కి టార్చి వేశాను. వాసాలు, పట్టీలు, పొట్టి స్తంభం, దాన్నుంచి లేచిన వంపు దుంగలు, అన్నీ ఒకే తీరున నల్లగా ఉన్నాయి. వేలు రాస్తే మెత్తటి మసి, అరచెయ్యి దాకా అంటింది. ఒక అంకణం దాటాక తడికగోడ వచ్చింది. దాని ఇవతలి ముఖం బొగ్గులా నలుపు, అవతలి ముఖం మట్టి రంగులో శుభ్రంగా ఉంది. ఆ శుభ్రమైన వైపు మూడు వేళ్లతో గీసిన వంపు గీతలు, పూత పట్టుకోవడానికి తడిమట్టి మీద ఎవరో లాగినవి. నా వేళ్లు ఆ గీతల్లో పెట్టి చూశాను, నా చేతికంటే చిన్న చెయ్యి. ఆ ఇల్లు 15వ శతాబ్దంలో పుట్టింది, 1690 దానికి కొత్త ముఖమో కొత్త యజమానో వచ్చిన సంవత్సరం. ఆవిడను నిచ్చెన ఎక్కించలేకపోయాను, ఫోటో తీసి చూపించాను. చాలాసేపు చూస్తూ కూర్చుంది.

కాబట్టి ‘సుమారు 1650’ పొగగొట్టానికి సరిపోవచ్చు, ఇంటికి సరిపోవాలని లేదు. ప్రకటనల్లో ఉండే తేదీ చాలాసార్లు ప్రభుత్వ రక్షిత జాబితాలోని వాక్యం నుంచి వస్తుంది, ఆ జాబితా రాసిన అధికారులు ఎన్నో ఇళ్లను బయటి నుంచే చూసి రాశారు. మసి ఉంటే అది తెరిచిన హాలుగా మొదలైన ఇల్లు. కానీ ఒక జాగ్రత్త: పాత ఇంటి కలప తెచ్చి కొత్త ఇంట్లో వాడటం మామూలే. మసి అన్ని వాసాల మీదా ఒకే తీరుగా, కీళ్ల మీదుగా, చీలల తలల మీదుగా సాగాలి. ఒక దుంగకు ఒక ముఖం నలుపు, పక్కదానికి ఇంకో ముఖం నలుపు అయితే అది తెచ్చిన కలప. మసి ఇరుకైన ఒక్క అంకణానికే పరిమితమైతే పొగ అంకణం ఉండేదన్నమాట.

పై పడకగదుల్లో ఒక భారీ దూలం ఛాతీ ఎత్తులో గదికి అడ్డంగా పోతోందా, దాన్ని తలుపు కోసం కోశారా చూడండి. అది హాలు మధ్యలో నలుగురూ తలెత్తి చూడాలని పెట్టిన దూలం, తర్వాత అంతస్తు వేశాక అడ్డమైంది. గోడ పైదుంగ అడుగున వరసగా మూలవాటు గుంటలు కనిపిస్తే అక్కడ చువ్వల కిటికీ ఉండేది. ఎక్కడా ఏమీ దిగని ఖాళీ గాడులు చూసి ‘ఇది ఓడ కలప’ అని ఎవరైనా చెబితే వినయంగా విని ఊరుకోండి. ప్రతి ఊళ్లోనూ ఆ కథ ఉంది, దాదాపు ఎక్కడా నిజం కాదు. అక్కడ ఒకప్పుడు ఒక అడ్డుగోడ ఉండి తీసేశారని అర్థం. గొట్టం ఇటుక మందం కొలవండి, రెండు అంగుళాల చిల్లర ఉంటే పాతది. పొయ్యి మీది పెద్ద దూలం మీద కంపాస్‌తో గీసిన పువ్వులు, దీపంతో కాల్చిన కన్నీటిబొట్టు మచ్చలు ఉంటే చెరిపెయ్యకండి, కీడు లోపలికి రాకూడదని పెట్టిన గుర్తులవి. గొట్టంలో పాత చెప్పు దొరికినా అక్కడే ఉంచండి. అలా దాచిన చెప్పుల వివరాలు నార్తాంప్టన్ మ్యూజియం ఏళ్ల తరబడి నమోదు చేస్తోంది, వాళ్లకు రాయవచ్చు.

కచ్చితమైన తేదీ కావాలంటే చెట్టు వలయాల పరీక్షే. ఓక్‌లో బెరడు కింది లేతపొర మిగిలి ఉన్న దుంగ కావాలి. బెరడు అంచు దాకా ఉంటే నరికిన కాలం ఏ ఏడాది శీతాకాలమో కూడా చెప్పగలరు. లేతపొర కొంత పోతే, దక్షిణ ఇంగ్లండ్ ఓక్‌లో ఆ పొర మామూలుగా 9 నుంచి 41 వలయాలు ఉంటుంది కనుక, బేలీఫ్‌కు చెప్పినట్టు ఒక వ్యవధి చెబుతారు. వలయాలు తక్కువున్న దుంగకు తేదీ రాదు. ముందు చూసి చెప్పే మనిషిని పిలవండి, తర్వాత డబ్బు పెట్టండి.

తేదీ కంటే నాకు ఎక్కువ బెంగ గోడల గురించి. మీరు పంపిన ఫోటోలో వెనక గోడ అడుగున బూడిదరంగు పూత కనిపిస్తోంది. అది సిమెంటు అయితే ఈ ఇంటికి ఉన్న అసలు ప్రమాదం అదే. ఈ గోడలు తడి పీల్చి మళ్లీ వదిలేస్తూ బతికాయి. సున్నం ఆ తడిని పోనిస్తుంది, సిమెంటు పోనివ్వదు. సన్నటి బీటలోంచి దిగిన వాననీరు దాని వెనక చేరి, బయటికి దారి లేక ఓక్‌లోకి ఇంకుతుంది. వచ్చిన కొత్తలో నేను కూడా, ఇండియాలో నేర్చుకున్న చదువుతో, గట్టిగా ఉండేదే మంచిదని వాదించాను. నాతో పనిచేసిన ముసలి వడ్రంగి ఏమీ అనకుండా ఒక ఇంటికి తీసుకెళ్లాడు. అక్కడ ఎవరో ముప్పై ఏళ్ల ముందు వేసిన సిమెంటు పలకను ఊడదీసి, వెనకున్న అడుగుదుంగలోకి స్క్రూడ్రైవర్ గుచ్చమన్నాడు. పిడి దాకా దిగింది. లాగితే తడి కాఫీపొడిలా రాలింది. ఐదు వందల ఏళ్లు నిలిచిన దుంగ అది. ఆ రోజు నుంచి నా పనిసంచీలో సిమెంటు లేదు. చెడిన మేరకే కోసి, కొత్త ఓక్‌ను వాలుగా అతికి, చీల కొట్టి, మీద సున్నం. మిగతాది ముట్టుకోకుండా వదిలేయడం.

ఇల్లు కొనేముందు పాత కలప ఇళ్లు తెలిసిన సర్వేయర్‌నే పెట్టుకోండి. మామూలు తేమ మీటరు పట్టుకుని తిరిగి, గోడలోకి రసాయనం ఎక్కించమని చెప్పేవాళ్లు వద్దు. ఇల్లు రక్షిత జాబితాలో ఉంటే, అది జాబితాలో కింది తరగతి అయిన గ్రేడ్ టూ అయినా సరే, దాని స్వరూపం మారే ఏ పనికైనా ముందు స్థానిక కౌన్సిల్ అనుమతి కావాలి, లోపలి పనికి కూడా. అనుమతి లేకుండా చేయడం నేరం. పాత యజమాని చేసిన అనుమతి లేని మార్పును సరిచేసే బాధ్యత కొన్నవాళ్ల మీదికి రావచ్చు. మీ లాయరు చేత ఆ సంగతి రాతపూర్వకంగా అడిగించండి.

శనివారం మళ్లీ చూడటానికి వెళ్తున్నామన్నారు. ఇంటివాళ్ల అనుమతి తీసుకుని అటక ఎక్కండి, దూలాల మీదే అడుగు వెయ్యండి, మధ్యలో వేస్తే కింది గది కప్పు ఊడుతుంది. ఒక తెల్ల రుమాలు తీసుకెళ్లి గొట్టానికి రెండు వైపులా, రెండు కొసల్లోనూ వాసాలను తుడవండి. రుమాలు ఎక్కడ నల్లబడిందో, ఎక్కడ వట్టి దుమ్మే అంటిందో కాగితం మీద అంకణాల వారీగా గీసుకోండి. ఆ కాగితం ఫోటో ఇక్కడ పెడితే చూసి చెబుతాను.